విద్యున్మాపకము పలుకు సత్యము

స్మార్టు మీటరు సత్యము పలుకునా యని పెద్దలు నన్నడుగుచున్నారు. ఈ శంక నూతనము గాదు. 1880 దశకమున అమెరికాలో ఎడిసను మీటరునందలి జింకుపలకలను కంపెనీవారే తూచి రుసుము నిర్ణయించిరి; ఇంటివాడు చదువుకొనుటకు అంకెయే లేదు. 1889లో హంగరీ దేశస్థుడగు బ్లాతీ ప్రేరణమీటరును నిర్మించెను. మన గోడలపై చక్రము తిరిగిన మీటరు ఆ వంశమునదే.

2017లో నెదర్లాండ్సునందలి ట్వెంటె విశ్వవిద్యాలయమువారు తొమ్మిది ఎలక్ట్రానికు మీటర్ల పరీక్షాఫలములను వెల్లడించిరి. అయిదు మిక్కిలి హెచ్చుగా జూపినవి. ఒకచో 582 శాతము హెచ్చు! డిమ్మరుతో గూడిన దీపములు విద్యుత్ప్రవాహమును వికృతము గావించుటయే హేతువు.

కావున మీటర్లన్నియు దొంగలని నేననను. ముద్ర పడినదెల్ల సత్యమనియు ననను. బిల్లు హెచ్చినచో ఉపకరణములన్నియు ఆపి అంకెలు కదలునేమో చూడుడు. పిమ్మట పరీక్ష గోరుడు. తక్కెడను సరిచూడుమనుట కొనువాని హక్కు.