ఇంట్లో లినక్స్ కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం, లేదంటే ఆ తర్వాతిది కావాలి. అన్న ఇంజనీరింగ్ చదివేటప్పుడు సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు చెల్లెలి చదువుకు వాడుతున్న ఇళ్లు కొండకల్, శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు చాలానే ఉంటాయి. వాటిలో పాతవి విండోస్ 11కు పనికిరావు. అలాంటి ల్యాప్‌టాప్‌లో కాలేజీ పిల్లలే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసేస్తున్నారు. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మరి దీనికి యాంటీవైరస్ ఏది?"

ఇంటి వాడకానికి లినక్స్ పెట్టుకున్నవారు ఏడాదికోసారి డబ్బు కట్టి యాంటీవైరస్ కీ కొనాల్సిన అవసరం దాదాపుగా లేదు. అలాగని లినక్స్‌కు ఏమీ కాదు అనుకుంటే అది ఇంకో పొరపాటు. ప్రమాదం ఉంది, కానీ అది వచ్చే దారి వేరు. ఆ దారిని యాంటీవైరస్ చాలాసార్లు మూయలేదు.

వైరస్‌లు ఎందుకు తక్కువ

లినక్స్‌లో మామూలు యూజర్‌కు సిస్టమ్ ఫైళ్లను మార్చే హక్కు ఉండదు. కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలన్నా, సిస్టమ్‌లో ఏదైనా మార్చాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలు దానంతట అది ప్రోగ్రామ్‌లా నడవదు, దానికి నడిచే అనుమతి విడిగా ఇవ్వాలి. అన్నిటికన్నా పెద్ద తేడా సాఫ్ట్‌వేర్ వచ్చే చోటులో ఉంది. విండోస్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌ను ఒక్కో వెబ్‌సైట్‌లో వెతికి దింపుకోవడం అలవాటు. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో అయితే వేలాది ప్రోగ్రామ్‌లు ఒకే గోదాములో ఉంటాయి. వాటిమీద డిజిటల్ సంతకం ఉంటుంది, మధ్యలో ఎవరైనా మారిస్తే ఇన్‌స్టాల్ కాదు. అప్‌డేట్‌లు కూడా అక్కడి నుంచే వస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని లినక్స్ అభిమానులు అంతగా చెప్పరు. ఇళ్లలో లినక్స్ వాడేవారు తక్కువ. దొంగ జనం ఎక్కువున్న బజారుకే వెళ్తాడు. అందుకే లినక్స్ మీద జరిగే దాడుల్లో ఎక్కువ భాగం కంపెనీల సర్వర్ల మీదే. యాంటీవైరస్ కంపెనీల లెక్క కూడా అటే మొగ్గింది: ఈసెట్ సంస్థ ఇళ్లలో వాడే లినక్స్ డెస్క్‌టాప్ కోసం అమ్మిన నాడ్32కు 2022లో మద్దతు ఆపేసింది. సర్వర్లకు, ఆఫీసులకు మాత్రం లినక్స్ భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్ముతూనే ఉంది.

ఆఫీసు సంగతి వేరన్నది మన రక్షణ శాఖ విషయంలోనూ కనిపిస్తుంది. విండోస్‌కు బదులు ఉబుంటు ఆధారంగా తయారైన 'మాయా' ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడబోతున్నట్టు 2023 ఆగస్టులో వార్తలు వచ్చాయి. దానికి తోడు 'చక్రవ్యూహ్' అనే రక్షణ పొర కూడా పెట్టారు. పనిగట్టుకుని గురిపెట్టే శత్రువు ఉన్నచోట ఆ జాగ్రత్త న్యాయమే. మన ఇంటి ల్యాప్‌టాప్‌కు అలాంటి శత్రువు ఉండడు. ఎవరు దొరికితే వాళ్లని పట్టుకునే మోసగాడు ఉంటాడు.

రావనుకోవడమూ తప్పే

లినక్స్ వైరస్‌లు కొత్తవేమీ కాదు, స్టావోగ్ 1996లో, బ్లిస్ 1997లో బయటపడ్డాయి. ఆ రెండూ పెద్దగా వ్యాపించలేదు. తర్వాత జరిగినవే ఇంటి యూజర్లు తెలుసుకోవాల్సినవి.

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడిన హ్యాకర్లు డౌన్‌లోడ్ లింకును మార్చేశారు. ఆ రోజు మింట్ 17.3 సినమన్ దింపుకున్నవారికి దొంగదారి ఉన్న కాపీ దొరికింది. ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే దొంగ లోపలికి వస్తే తర్వాత వేసే యాంటీవైరస్‌ను ఎంతవరకు నమ్మగలం? దిగిన ఫైలు చెక్‌సమ్‌ను అసలుతో పోల్చి చూసినవారు మాత్రం తప్పించుకోగలిగారు.

ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ సంగతి ఇంకా నేర్పుతుంది. 2020 నుంచి 2022 వరకు ఆ వెబ్‌సైట్‌కు వెళ్లిన కొందరు లినక్స్ యూజర్లకు అసలు ప్యాకేజీ బదులు నకిలీది దిగింది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను, చూసిన సైట్ల చరిత్రను అది దోచుకుంది. ఈ విషయాన్ని కాస్పర్‌స్కీ పరిశోధకులు 2023 సెప్టెంబర్‌లో బయటపెట్టారు. అన్నేళ్లు ఎవరికీ అనుమానం రాకపోవడానికి ఒక కారణం, లినక్స్‌కు వైరస్ రాదన్న ధీమా.

మన దేశంలో జరిగినవి చూడండి. ప్రభుత్వ ఉద్యోగులు ఈమెయిల్ తెరవడానికి వాడే 'కవచ్' యాప్ పేరుతో నకిలీ సైట్లు పెట్టి, లినక్స్ వాడే ఉద్యోగులకు పొసైడన్ అనే మాల్వేర్ ఎక్కించారని 2023లో తేలింది. ఆ నకిలీ ప్రోగ్రామ్ నడిపితే ముందు అసలైన లాగిన్ పేజీయే తెరుచుకుంటుంది. మాల్వేర్ వెనకాల దిగుతుంది. మళ్లీ 2025 ఆగస్టులో, సీడాక్ తయారు చేసిన బాస్ లినక్స్ వాడే ప్రభుత్వ కార్యాలయాలకు మీటింగ్ నోటీసు పేరుతో ఈమెయిల్ వచ్చింది. పైకి పీడీఎఫ్‌లా కనిపించే ఆ ఫైలు నిజానికి డెస్క్‌టాప్ షార్ట్‌కట్. నొక్కితే కళ్లముందు పీడీఎఫ్ తెరుచుకుంటుంది, చాటున మాల్వేర్ నడుస్తుంది. ఈ రెండు దాడులకూ ఏపీటీ36 ముఠాయే కారణమని సైబర్ భద్రతా సంస్థలు చెప్పాయి.

ఈ రెండు చోట్లా మనిషే స్వయంగా నొక్కి తెరిచాడు. ఇక్కడ ఒక అపోహ కూడా పోవాలి. "పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఏమీ చేయలేదు" అంటారు, అది సగం నిజం. సిస్టమ్ ఫైళ్లు భద్రంగానే ఉంటాయి. కానీ మన ఫొటోలు, ఆధార్, పాస్‌పోర్ట్ స్కాన్‌లు, బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఉండేది మన సొంత ఫోల్డర్‌లో. మన పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని చదవగలదు. సిస్టమ్ పాడైతే గంటలో మళ్లీ వేసుకోవచ్చు, పోయిన ఫొటోలు ఎక్కడి నుంచి వస్తాయి?

గోదాము కూడా నూటికి నూరు శాతం భద్రమని కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రామ్‌లో ఎవరో దాచిన దొంగదారిని బయటపెట్టారు. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆయనకు అనుమానం తెచ్చింది. డెబియన్ లాంటివాటి టెస్టింగ్ వెర్షన్లలోకి వెళ్లిందే గానీ, మామూలు జనం వాడే స్థిరమైన వెర్షన్లకు చేరకముందే దొరికిపోయింది. పట్టుకున్నది మనిషి, యాంటీవైరస్ కాదు.

పెన్‌డ్రైవ్, ఇన్‌పేజ్

మన ఇళ్లలో అసలు ఇబ్బంది ఇక్కడుంది. షాదీ ముబారక్ దరఖాస్తుకో, స్కాలర్‌షిప్‌కో పెన్‌డ్రైవ్ పట్టుకుని మీసేవకో జిరాక్స్ షాపుకో వెళ్తాం. తిరిగి వచ్చేసరికి అందులో ఫైళ్లు మాయమై, వాటి బదులు షార్ట్‌కట్‌లు ఉంటాయి. ఆ షార్ట్‌కట్ వైరస్ విండోస్‌ది, లినక్స్‌లో నడవదు. పైగా బాగు చేయడానికి లినక్సే అనువైన చోటు: ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాచిన ఫోల్డర్లు బయటపడతాయి. వాటిలోని మన ఫైళ్లను కాపీ చేసుకుని, షార్ట్‌కట్‌లను ముట్టకుండా పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే సరి. ఫోల్డర్లు అప్పటికీ కనిపించకపోతే ఫార్మాట్ చేయకుండా తెలిసినవారికి చూపించాలి.

అయితే మనకు ఏమీ కాకపోయినా, మన దగ్గర నుంచి పక్కింటి విండోస్ కంప్యూటర్‌కు అది వెళ్లొచ్చు. అలా ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవారికి క్లామ్‌ఏవీ పనికొస్తుంది. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, సిస్కో సంస్థ నడుపుతోంది, ఉబుంటు, మింట్ గోదాముల్లోనే దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు, ఈమెయిల్‌లో వచ్చిన ఫైలు ఇంకొకరికి పంపేముందు స్కాన్ చేస్తే చాలు. ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉండేలా పెట్టుకోవద్దు. వైరస్ జాబితా మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించుకునేసరికి ఒక జీబీకి పైగా తినేస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు అది మోయలేని బరువు.

ఇక ఉర్దూ ఇన్‌పేజ్, తెలుగు అను. పెళ్లి రుఖాలు, జల్సా పోస్టర్లు ఇంట్లోనే తయారు చేసేవారు లినక్స్‌కు మారినా ఈ రెంటినీ వదులుకోలేరు. రెండూ విండోస్ ప్రోగ్రామ్‌లే. వాటిని వైన్ అనే దాని సాయంతో లినక్స్‌లో నడిపిస్తారు. వైన్‌లో విండోస్ ప్రోగ్రామ్ నడుస్తుందంటే విండోస్ వైరస్ కూడా నడవగలదు. పైగా వైన్ మామూలుగా మన ఫైళ్లన్నిటినీ జెడ్ డ్రైవ్‌గా దానికి చూపిస్తుంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన 'క్రాక్' కాపీ వేస్తే ఇంటి తాళం మనమే ఇచ్చినట్టు. ఇన్‌పేజ్ ఫైళ్ల విషయంలో భయం ఉత్తది కాదు: తెరిస్తే చాలు మాల్వేర్ ఎక్కేలా తయారు చేసిన ఇన్‌పేజ్ డాక్యుమెంట్లతో ఆసియా, ఆఫ్రికాల్లోని బ్యాంకులపై దాడి చేశారని కాస్పర్‌స్కీ 2016 నవంబర్‌లో చెప్పింది. వైన్ తప్పనిసరి అయితే దానికి విడిగా ఒక యూజర్ ఖాతా పెట్టి, ముఖ్యమైన పత్రాలు అందులో ఉంచకపోవడం మంచిది. కొత్తగా మొదలుపెట్టేవారికి యూనికోడే మేలు. లిబ్రే ఆఫీస్‌లో నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్ పెట్టుకుంటే ఉర్దూ చక్కగా వస్తుంది. తెలుగుకు సిలికాన్ ఆంధ్ర ఉచితంగా ఇచ్చిన మల్లన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు ఉన్నాయి.

యాంటీవైరస్ డబ్బు మిగిలింది కదా

ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. ఫొటోలు, సర్టిఫికెట్లు నెలకోసారి అందులో కాపీ చేసి, తీగ పీకి బీరువాలో పెట్టండి. ఏ యాంటీవైరస్ కన్నా ఇదే పెద్ద భరోసా.

అప్‌డేట్ వచ్చిన రోజే వేసేయండి. 2017 మే నెలలో వన్నాక్రై ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో, మరమ్మతు విడుదల చేసింది. అది విండోస్ కథే అయినా లినక్స్‌కూ అదే వర్తిస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ వెర్షన్‌కు 5 ఏళ్లు అప్‌డేట్‌లు వస్తాయి. గడువు దాటిన వెర్షన్ వాడటం విండోస్ 10 వాడటం లాంటిదే. ఉబుంటులో ఫైర్‌వాల్ ఉన్నా మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. పిల్లలకు అడ్మిన్ హక్కులేని ఖాతా వేరే పెట్టండి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన కమాండ్‌ను అర్థం కాకుండా టెర్మినల్‌లో అతికించి పాస్‌వర్డ్ కొట్టొద్దు.

ల్యాప్‌టాప్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఇంట్లోని వైఫై రౌటర్, సీసీ కెమెరాల డబ్బా లోపల కూడా చాలావరకు లినక్సే నడుస్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అలాంటి లక్షల పరికరాలను పట్టుకుంది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడమే దానికి దొరికిన సందు. వాటికి యాంటీవైరస్ వేయలేం, పాస్‌వర్డ్ మార్చగలం. ఫోన్‌లో వాట్సాప్‌కు పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైలు వస్తే తెరవొద్దు. పత్రిక అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. సౌదీలోనో దుబాయ్‌లోనో ఉన్న మనవాళ్ల నంబర్ నుంచి వచ్చినా ముందు ఫోన్ చేసి అడగండి, వాళ్ల ఫోనే హ్యాక్ అయి ఉండొచ్చు. ఓటీపీ అడిగే కాల్‌ను ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఆపలేదు. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.