సాంబా మసూరి పూర్వీకుల వయసెంత..? డీఎన్‌ఏ గడియారం చెప్పే లెక్క ఇదీ..!

చేలో వరి.. గట్టు మీద తాటిచెట్టు. విజయవాడ దాటి ఎటు వెళ్లినా కృష్ణా డెల్టాలో మామూలుగా కనిపించే దృశ్యమే ఇది. రెండూ పూల మొక్కలే, దూరపు చుట్టాలే. మరి ఇవి ఎప్పుడు విడిపోయాయి? రాతలు లేని కాలం లెక్కను శాస్త్రవేత్తలు డీఎన్‌ఏలో చదువుతున్నారు. అదెలాగో చూద్దాం.

గడియారం ఎలా తిరుగుతుంది?

డీఎన్‌ఏ అంటే నాలుగు అక్షరాలతో రాసిన పొడవైన రాత. తరం నుంచి తరానికి కాపీ అయ్యేటప్పుడు అక్కడక్కడా ఒక అక్షరం మారుతుంది. ఒకే మూలం నుంచి రెండు జాతులు విడిపోయాక, ఎవరి మార్పులు వాళ్లలో పోగవుతాయి. తేడాలు ఎక్కువుంటే విడిపోయి ఎక్కువ కాలమైనట్లు. దీన్నే 'మాలిక్యులర్ క్లాక్' అంటారు. 1960ల్లో వచ్చిన ఆలోచన ఇది.

గడ్డి జాతుల లెక్క చూడండి. ప్రొటీన్‌ను మార్చని చోట్ల, వంద కోట్ల అక్షరాలకు ఏడాదికి సుమారు 6.5 మార్పులు వస్తాయని ఒక అంచనా. రెండు జాతులూ మారుతుంటాయి కాబట్టి దీన్ని రెట్టింపు చేయాలి. అంటే వెయ్యి అక్షరాల్లో 13 తేడాలు కనిపిస్తే, విడిపోయి దాదాపు 10 లక్షల ఏళ్లన్నమాట.

వరి స్పీడ్.. తాడి స్లో

అసలు చిక్కు ఇక్కడే. అన్ని మొక్కల గడియారం ఒకే వేగంతో తిరగదు. 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో గడ్డి జాతులను, తాటి కుటుంబాన్ని పోల్చారు. పరిశీలించిన జన్యువులో గడ్డి జాతుల మార్పులు దాదాపు రెండున్నర రెట్లు వేగంగా ఉన్నాయి. వరి కొన్ని నెలల్లోనే గింజకు వస్తుంది. తాడి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. తరాల మధ్య ఈ దూరం కూడా ఒక కారణమని భావిస్తున్నారు. వరి వేగంతో తాడి వయసు కడితే లెక్క తప్పుతుంది.

డైనోసార్ పేడలో గడ్డి!

అందుకే గడియారానికి ముల్లు సరిచేసే సాక్ష్యం కావాలి. అదే శిలాజం. మహారాష్ట్రలోని పిస్‌దూరా వద్ద దొరికిన, రాయిగా మారిన డైనోసార్ పేడలో గడ్డి జాతుల సూక్ష్మ అవశేషాలు ఉన్నట్లు 2005లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్త వందనా ప్రసాద్ బృందం వెల్లడించింది. వాటి వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు. వరి తెగకు చెందినవిగా భావించే అవశేషాల గురించి 2011లో మరో పరిశోధన వచ్చింది. ఈ శిలాజాలను లెక్కలోకి తీసుకుంటే గడ్డి కుటుంబం వయసు కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్తుంది. తీసుకోకపోతే బాగా తగ్గుతుంది. డీఎన్‌ఏ అదే.. సాక్ష్యం మారితే తేదీ మారిపోతుంది!

మన రైతుకు దీంతో పనేంటి?

బాపట్లలో పుట్టిన సాంబా మసూరి.. అంటే బీపీటీ 5204.. 1986లో విడుదలైంది. రుచికి పేరు తెచ్చుకున్నా, బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను చేర్చి 2008లో మెరుగైన సాంబా మసూరిని తెచ్చాయి. అందులో ఎక్స్‌ఏ21 అనే జన్యువు ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది.

ఈ అడవి వరి, మన వరి ఒకే గుంపులోవి. ఈ గుంపులోని జాతులు గత 25 లక్షల ఏళ్లలోనే చీలాయని ఒక అంచనా. వరి తెగ వయసుతో పోలిస్తే ఇది నిన్నటి మాట. క్రోమోజోములు ఇంకా పొంతన కుదిరేంత దగ్గరగా ఉన్నాయి కాబట్టే సంకరం సాధ్యమైంది. కోట్ల ఏళ్ల క్రితం విడిపోయిన మొక్కల నుంచి మామూలు సంకరంతో జన్యువు తెచ్చుకోవడం కుదరదు.

అందుకే అడవి వరిని కలుపు మొక్కగా చూడకూడదు. రేపు వచ్చే తెగులుకు మందు ఆ దగ్గరి చుట్టం దగ్గరే ఉండొచ్చు.