డెబియన్ రిస్క్-ఫైవ్ పరీక్షలు

డెబియన్ రిస్క్-ఫైవ్ పరీక్షలు అనగా డెబియన్ అను ఓపెన్‌సోర్సు ఆపరేటింగ్ సిస్టంలోని సాఫ్ట్‌వేరు రిస్క్-ఫైవ్ రకపు ప్రాసెసర్లపై సరిగా పనిచేయుచున్నదో లేదో తెలుసుకొనుటకు కంప్యూటర్ల ద్వారా స్వయంచాలితముగా జరుపబడు పరీక్షలు. కొత్త రకపు ప్రాసెసరు కొరకు ప్రోగ్రాము తయారగుట వేరు, అది సరియైన ఫలితము నిచ్చుట వేరు. ఈ తేడాను పట్టి చూపుటయే వీటి ప్రయోజనము.

నేపథ్యము

రిస్క్-ఫైవ్ ఆదేశముల సముదాయపు రూపకల్పన 2010లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో మొదలైనది. దీనిని ఎవరైనను రుసుము లేకుండా వాడుకొనవచ్చును. ఐ.ఐ.టి. మద్రాసు రూపొందించిన శక్తి ప్రాసెసర్లు ఈ కోవకు చెందినవే. 2018 జనవరిలో వెలువడిన లినక్స్ కెర్నెల్ 4.15లో దీనికి తోడ్పాటు చేరినది. 2023 జూలైలో డెబియన్ దీనిని అధికారిక జాబితాలో చేర్చినది. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13, రిస్క్-ఫైవ్‌తో కూడిన మొదటి స్థిర విడుదల.

పనిచేయు విధానము

ఒక ప్యాకేజీ యొక్క సోర్సుకోడు చేరగానే, ఒక్కొక్క రకపు ప్రాసెసరుకు కేటాయించిన యంత్రములు దానిని కంపైలు చేసి, ప్రోగ్రాముతో పాటు వచ్చిన పరీక్షలను నడుపును. పరీక్ష విఫలమైనచో సాధారణముగా ఆ ప్రాసెసరుకు ప్యాకేజీ తయారు కాదు. రెండవ దశలో, తయారైన ప్యాకేజీని స్థాపించి, వాడుకరి వాడు రీతిలో పరీక్షించుదురు.

బయటపడు దోషములు

సీ భాషలో 'ఛార్' రకపు చరరాశి ఋణసంఖ్యలను ఇముడ్చుకొనునా లేదా అన్నది ప్రాసెసరును బట్టి మారును. లినక్సులో ఎక్స్86 పై ఇముడ్చుకొనును, రిస్క్-ఫైవ్ పై ఇముడ్చుకొనదు. ఫైలు ముగిసినదని తెలుపు -1 ను అందులో ఉంచినచో రిస్క్-ఫైవ్ పై అది 255 అగును. అప్పుడు ప్రోగ్రాము ముగింపును గుర్తించలేక ఆగకుండా తిరుగుచుండును.

అట్లే, ఒక కోర్ మెమొరీలో వ్రాసిన విలువలు ఎక్స్86 పై ఇతర కోర్లకు వ్రాసిన వరుసలోనే కనబడును. రిస్క్-ఫైవ్ పై ఆ వరుస మారవచ్చును. ప్రోగ్రాములో తగిన జాగ్రత్త లేనిచో ఎప్పుడో ఒకసారి మాత్రమే తప్పు ఫలితము వచ్చును. ఇట్టి దోషములు మొదటి నుండి ప్రోగ్రాములోనే ఉండి ఎక్స్86 పై దాగి ఉండును. కావున వాటిని సవరించినచో ఏఆర్ఎం ప్రాసెసర్ల వాడుకరులకు కూడ మేలు కలుగును.

పరిమితులు

అసలు ప్రాసెసరు దొరకనప్పుడు క్యూఈఎంయూ వంటి ఎమ్యులేటరుపై పరీక్షించవచ్చును. కాని ఎక్స్86 యంత్రముపై నడుచు ఎమ్యులేటరులో మెమొరీ వరుసకు చెందిన దోషములు బయటపడకపోవచ్చును. మరియొక వైపు, నెమ్మదిగా నడుచు బోర్డులపై నిర్ణీత సమయము దాటి, దోషము లేని ప్రోగ్రాము కూడ విఫలమైనట్లు నమోదు కావచ్చును. పరీక్షలను విడిచిపెట్టి ప్యాకేజీని తయారుచేయుట సాధ్యమే. అట్లు చేసినచో దోషము మొదట వాడుకరికే ఎదురగును.