చంద్రగిరి రాజమహల్

తిరుపతి జిల్లా చంద్రగిరి కోటలోని మూడంతస్తుల ప్రాసాదం. విజయనగర చక్రవర్తుల కాలం నాటిది. పెనుకొండ తర్వాత చంద్రగిరి వారికి రాజధాని అయింది.

నిర్మాణం: రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. ముఖభాగంలో వరుస కమానులు, పైన గోపురాలను పోలిన శిఖరాలు ఉన్నాయి. విజయనగర చక్రవర్తులు 1565 యుద్ధంలో ఓడిన తర్వాత వారి పాత రాజధాని హంపీలో చెక్కతో కట్టిన రాజప్రాసాదాల పైభాగాలు మంటల్లో కాలిపోయాయి. ఇప్పుడు అక్కడ రాతి పీఠాలే కనిపిస్తాయి. కాలే దూలం, వాసం ఏదీ లేని రాజమహల్ మాత్రం కప్పుతో సహా నిలిచింది.

ప్రస్తుత వినియోగం: భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సంరక్షణలో ఉంది. లోపల రాతి, లోహ విగ్రహాల మ్యూజియం నడుస్తోంది. పక్కనే రెండంతస్తుల రాణీమహల్ ఉంది. కోట ఆవరణలో పర్యాటక శాఖ సాయంత్రాలు సౌండ్ అండ్ లైట్ షో ఏర్పాటు చేసింది.