నెలతక్కువ బిడ్డ - నెత్తుటి చుక్క

పుట్టిన రెండు మూడు రోజులకు పసిబిడ్డ మడమ గుచ్చి, నాలుగు నెత్తుటి చుక్కలు ఫిల్టరు కాగితం మీద పట్టడం కొన్ని ఆసుపత్రుల్లో మీరు చూసే ఉంటారు. అమెరికాలో రాబర్ట్ గత్రీ 1963లో ఈ పద్ధతిని లోకానికి తెలిపాడు. ఆయన వెతికిన జబ్బు వేరు. హార్మోన్ల జబ్బులకు దాన్ని వాడుకున్నవారు తర్వాత వచ్చారు. కెనడాలో జాన్ ద్యుసో 1970ల తొలినాళ్ళలో థైరాయిడ్ లోపాన్ని అదే చుక్కలో పట్టాడు. 1977లో సోంగ్‌జా పాంగ్ బృందం ఎడ్రినల్ గ్రంథి జబ్బుకు దారి చూపింది.

ఈ చివరిదాని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు. మేనరికాలు ఎక్కువైన మన ఇళ్ళలో ఇది గుర్తుంచుకోవలసిన మాట. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఈ గ్రంథుల్లో కార్టిసాల్ తయారీ మధ్యలో ఆగి, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ అనే పదార్థం రక్తంలో పోగుపడుతుంది. ఆడపిల్లకయితే జననాంగాల్లో తేడా కనబడి అనుమానం వస్తుంది. మగపిల్లవాడు చక్కగానే కనిపిస్తాడు. రెండో వారంలోనో మూడో వారంలోనో ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోయి, వాంతులు పట్టుకుంటాయి. అజీర్తి అనుకునేలోపే ప్రాణం మీదికి వస్తుంది. మందు లేక కాదు. కార్టిజోన్ పనిచేస్తుందని బాల్టిమోర్‌లో లాసన్ విల్కిన్స్ 1950లోనే చూపాడు. చిక్కల్లా వేళకు తెలియడమే.

అయితే నెలలు నిండని బిడ్డల దగ్గర ఈ పరీక్ష తడబడింది. వాళ్ళ గ్రంథులు పక్వానికి రాకపోవడం వల్లా, పుట్టుకలో పడ్డ యాతన వల్లా, జబ్బు లేకున్నా ఆ పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఉత్తపుణ్యాన ఎందరు తల్లులు హడలిపోయారో! అందుకని బిడ్డ బరువును బట్టి, నిండిన వారాలను బట్టి హద్దులు వేరు చేశారు. 2004లో మేయో క్లినిక్ పరిశోధకులు అదే చుక్కను మాస్ స్పెక్ట్రోమీటరుతో రెండోసారి వడగట్టే పద్ధతి ప్రకటించారు. థైరాయిడ్ విషయంలో తిరకాసు తలకిందులు. జబ్బున్నా టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరిగి, మొదటి చుక్కలో ఏమీ లేదని రావచ్చు.

మన భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదు, చెన్నై, ముంబై సహా ఐదు నగరాల్లో లక్షమందికి పైగా శిశువులను పరీక్షించింది. 1,130 మందిలో ఒకరికి థైరాయిడ్ లోపం, 5,762 మందిలో ఒకరికి ఎడ్రినల్ జబ్బు ఉన్నట్టు తేలింది. మీ ఇంట బిడ్డ నెల ముందే పుడితే, మొదటి ఫలితం బాగుందన్నా సరే, రెండు నుంచి నాలుగు వారాల మధ్య మళ్ళీ చుక్క తీయాలా అని డాక్టరుగారిని అడగండి.