రహదారి పడవలో బెజవాడ

ఇంకాస్త దగ్గరికి జరగండి. శివరాత్రి వస్తే గానీ ఈ చలి శివశివా అంటూ పోదు. ఆ కుంపట్లో రెండు బొగ్గులు వెయ్యరా, చిన్నోడా. పుట్టినరోజుకి మొగుడూ పెళ్లాం ఊరెళ్లి రావడం మీ తరంతోనే మొదలైందని మీ అందరి నమ్మకం. వెనిస్ అనీ ఆమ్‌స్టర్‌డామ్ అనీ కాలవల ఊళ్ల ఫొటోలు నాకు చూపిస్తారు. మీ తాతయ్య నన్ను 1965లోనే, నా పుట్టినరోజుకి, కాలవల ఊరు తీసుకెళ్లారు. ఏ ఊరంటే అలా తెల్లమొహాలు వేస్తారేం? మన బెజవాడే!

అసలు మా రోజుల్లో పుట్టినరోజంటే ఏమిటో ముందు వినండి. మగపిల్లాడికైతే తలంటి, కొత్త చొక్కా, పాయసం. ఆడపిల్లకి పెళ్లయ్యేదాకా ఆ పాయసమైనా ఉండేది. అత్తారింటికి వచ్చాక అదీ లేదు. ఇక తారీఖులంటారా, బళ్లో వేసేనాడు పంతులుగారు వేళ్లు లెక్కపెట్టి జూలై 1 అని రాసేసేవారు. మా ఊళ్లో సగం మంది కాగితాల ప్రకారం ఒకే రోజు పుట్టినవాళ్లు! నాకు మా అమ్మ చెప్పిన తిథి ఉండబట్టి సరిపోయింది. మాఘ శుద్ధ పంచమి, శ్రీపంచమి. పిల్లలకి అక్షరాభ్యాసం చేసే రోజు. మీ తాతయ్య ఎలిమెంటరీ బడి పంతులు కదా, ఆ రోజు మాత్రం ఆయనకి మర్చిపోదామన్నా వీలయ్యేది కాదు.

అయితే భార్య పుట్టినరోజుకి ఊరు తీసుకెళ్తానని కన్నతల్లితో చెప్పే మగాడు ఆ రోజుల్లో ఏడీ? పదిమంది ఉన్న ఇల్లు. మొగుడితో పగటిపూట నాలుగు మాటలాడితే గడపలో ఎవరో ఒకరు దగ్గేవారు. అందుకని ఆయన దుర్గమ్మకి మొక్కుందన్నారు. మా అత్తగారు వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా అడిగింది: "ఎవరు మొక్కార్రా? ఎప్పుడు?" ఈయన గుటకలు మింగుతూ నిలబడ్డారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఆవిడ మరో మాట అడగలేదు. మర్నాడు సున్నుండలు చేసి డబ్బాలో సర్ది, హుండీలో వెయ్యమని రెండు రూపాయలు నా చేతిలో పెట్టింది.

ఆవిడ డబ్బు లెక్క మీకు చెప్పాలి. అణాలు పోయి నయాపైసలు వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లవుతోంది, 1957 ఏప్రిల్‌లో మారాయి. అణాకి ఆరు పైసలు, పావలాకి ఇరవై అయిదు. మా అత్తగారు దాన్ని పట్టేసింది. పావలా వక్కలు ఒకేసారి కొంటే ఇరవై అయిదు ఇవ్వాలి, అణా చొప్పున నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగే! ఆ ఒక్క పైసా కోసం నాలుగు పూటలు మీ పెదనాన్నని అంగడికి తిప్పేది. వాడు దారిలో అణాకి బెల్లం ముక్క కొనుక్కు తినేవాడు. ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సరే, పడవ దగ్గరికి వద్దాం. మా అత్తారి ఊరు ఏలూరు కాలవ గట్టున. రాత్రి భోజనాలయ్యాక రేవులో రహదారి పడవ ఎక్కితే తెల్లారేసరికి బెజవాడ. బస్సు లేదని కాదు, ఉంది. ఆయనకి పడవే ఇష్టం. మనిషికి నలభై పైసలు. గూట్లో ఆడవాళ్లూ పిల్లలూ, పైన మగవాళ్లూ మూటలూ. నేను లోపల, ఆయన పైన. మధ్యలో ఒక చెక్క. మరచెంబులో మంచినీళ్లు కావాలని నేను చెక్క మీద కొడితే ఆయన వంగి అందించేవారు. రాత్రంతా మాకు మాటంటే అదే.

బెజవాడ వైపు వెళ్లడమంటే ఎదురు ప్రయాణం. కృష్ణ నీళ్లు బెజవాడలో కాలవలోకి దిగి ఏలూరు వైపు వస్తాయి కదా. అందుకని గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవని తాడుతో లాగాలి. భుజాన గోనెపట్టా మడత, దాని మీద తాడు, నడుం ముందుకి వంచి రాత్రంతా నడక. వంతెన వచ్చినప్పుడల్లా తెరచాప కొయ్య దించేవారు. కూటి కోసం కోటి విద్యలంటారు, ఆ విద్యలో మాత్రం మోకాళ్లు అరిగిపోయేవి. ఆ మాఘమాసపు చలిలో వాళ్ల ఒంటి మీద చెమట చూశాను. సున్నుండల డబ్బా సగం వాళ్లకే ఖర్చయింది, అది నేను చేసిన మంచి పని.

లాకులంటే మీకు ఎలాగూ తెలియదు, చెప్తా వినండి. కాలవ ఒకే ఎత్తులో పారదు, మెట్టు మెట్టుగా దిగుతుంది. మరి పడవ మెట్టెక్కడం ఎలా? కాలవకి అడ్డంగా రెండు జతల పెద్ద తలుపులు, మధ్యలో రాతి గోడల తొట్టి. కింది తలుపులు తీసి పడవని తొట్టిలోకి రానిస్తారు. వెనక తలుపులు మూస్తారు. అప్పుడు లాకు కాసే లస్కరు పైవైపు షట్టరు ఎత్తితే నీళ్లు తొట్టిలోకి సుళ్లు తిరుగుతూ వస్తాయి, పడవ లేస్తుంది. నీళ్లు రెండు వైపులా సమానమయ్యాక పై తలుపులు వాటంతటవే వదులవుతాయి. మా పడవలో ఒక ముసలమ్మ, మొదటిసారి కాబోలు, పడవ పైకి లేస్తుంటే గోవిందా గోవిందా అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరే మనల్ని ఎత్తుతోంది?" అంటుంది! ఇంకో లాకు దగ్గర వడ్ల పడవ సరంగుకీ మా సరంగుకీ ఎవరు ముందు వెళ్లాలని గొడవ. ఇద్దరూ అరుచుకుంటుండగా పెళ్లివారి పడవొకటి మెల్లిగా లోపలికి దూరిపోయింది. మళ్లీ లాకు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ బీడీలు పంచుకుని కాల్చారు.

బెజవాడలో హోటల్ గది తీసుకోవడమంటే అప్పట్లో తలవంపులు. ఊళ్లో చుట్టం ఉండగా గదేమిటి? సత్యనారాయణపురంలో మా పిన్ని ఇంట్లో దిగాం. మొక్కని చెప్పాం కాబట్టి ముందు దుర్గమ్మ కొండ ఎక్కాం. హుండీలో మా అత్తగారి రెండు రూపాయలూ పడ్డాయి. ఆ తర్వాత ఆయన నన్ను కృష్ణా బ్యారేజీ మీదికి నడిపించారు. అది తెరిచి అప్పటికి ఏడేళ్లు, 1957 డిసెంబరులో. ప్రకాశం పంతులుగారు ఆ ఏడే మేలో పోయారు, ఆయన పేరే పెట్టారు. ఈ కొండ నుంచి సీతానగరం కొండ దాకా డెబ్భై గేట్లు. మీ తాతయ్య పంతులు కదా, నడుస్తూ నాకు పాఠం మొదలెట్టారు.

ఆ పాఠం మీకూ కావాలి. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, పెద్ద కరువు. డొక్కల కరువనేవారు. గుంటూరు సీమలో అయిదు లక్షల మంది ఉంటే సుమారు రెండు లక్షల మంది పోయారు. కృష్ణ మాత్రం సముద్రంలో కలుస్తూనే ఉంది, పొలాలకి ఎక్కించే దారే లేదు. అందుకని కాటన్ దొర ఆలోచన మీద, కెప్టెన్ ఓర్ అనే ఆయన చేతి మీదుగా, 1852లో ఆనకట్ట మొదలెట్టి 1855కి పూర్తి చేశారు. అది వందేళ్ల దాకా నిలబడి 1952లో తెగింది. దాని బదులు వచ్చిందే ఈ బ్యారేజీ. ఎడమ గట్టున తీసిన నీళ్లు బెజవాడలోనే ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవగా చీలి ఊరి మధ్య నుంచి పోతాయి. ఏలూరు దగ్గర గోదావరి కాలవ వచ్చి కలుస్తుంది. అవతలి గట్టు కాలవ కొమ్మమూరు మీదుగా పెదగంజాం పోయి బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. కాకినాడలో పడవెక్కిన బస్తా నేల తాకకుండా మద్రాసు చేరేది! "ఇంత ఊరు మనది" అన్నారాయన రెయిలింగు పట్టుకుని. మా ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం. నలుగురూ తిరిగే చోట అంతకన్నా దగ్గరగా నిలబడేవాళ్లం కాదు.

అలా నవ్వకండి. ఇప్పుడు అసలు తమాషా వినండి. బీసెంట్ రోడ్డులో పద్దెనిమిది రూపాయలు పెట్టి నేత చీర కొన్నారు. ఆయన నెల జీతంలో అది ఎంతో నేను అడగలేదు, అడిగితే కొననివ్వను కాబట్టి. హోటల్లో ఆడవాళ్లుంటే తెర కట్టిన ఫ్యామిలీ గది ఇచ్చేవాళ్లు. పెళ్లయ్యాక మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని తిన్నది ఆ తెర వెనకే. ఇడ్లీ ప్లేటు ఇరవై పైసలు, కాఫీ పదిహేను. వడ్డించే కుర్రాడు తెర తీసినప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడి చట్నీ వైపు చూసేవాళ్లం.

సాయంత్రం సినిమా. 'మూగ మనసులు' ఆడుతోంది, అంతకుముందు ఏడు జనవరి 31న విడుదలైంది. నాగేశ్వరరావు గోదావరి పడవవాడు, సావిత్రి జమీందారు గారమ్మాయి. రాత్రంతా పడవలో వచ్చి మళ్లీ పడవ కథే చూశాం! కుర్చీ టిక్కెట్టు కొంటే పక్కపక్కన కూర్చోవచ్చు, మనిషికి రూపాయి పైనే. బెంచీ అర్ధరూపాయి, కానీ ఆడవాళ్ల వైపు వేరు, మగవాళ్ల వైపు వేరు. చీర కొన్నాక ఇక బెంచీయే. నా పుట్టినరోజు సినిమా నేనొక పక్కనా ఆయనొక పక్కనా చూశాం. ఇంటర్వల్లో గోళీ సోడా అమ్మే పిల్లాడు సరాసరి నా దగ్గరికొచ్చి "అదిగో ఆ కళ్లజోడాయన ఇమ్మన్నాడు" అని గట్టిగా అరిచాడు. బెంచీలోని ఆడవాళ్లందరూ అటు తిరిగారు. చెప్పుకోకూడదు గానీ, అంత రుచి గల సోడా మళ్లీ తాగలేదు.

తిరుగు పడవ నీటి వాలున వచ్చేసింది, తాడు లాగే పని కూడా పెద్దగా పడలేదు. ఇంటికొచ్చేసరికి మా అత్తగారు పరమాన్నం వండి ఉంచింది. "నిన్న వండాల్సింది, ఊళ్లో లేరుగా" అంది, అంతే. ఆవిడకి నా తిథి తెలుసు. పెళ్లిచూపులనాడు జాతకం చూసింది ఆవిడేగా!

ఆ పడవలు ఇప్పుడు లేవు. బస్సులూ లారీలూ పెరిగాక ఏరు దాటి తెప్ప తగలేశాం. 2008లో ప్రభుత్వం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలవల్నే నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించింది. బెజవాడలో మాత్రం ఇళ్లన్నీ కాలవకి వీపు పెట్టి కట్టుకున్నారు, మురుగు నీళ్లన్నీ అందులోకే. నాకు ఆ కాలవల్ని చూస్తే మనసు కలుక్కుమంటుంది. పదమూడు లక్షల ఎకరాల డెల్టాకి నీళ్లిచ్చేవి ఈ బ్యారేజీ కాలవలే, మీరు ఈ పూట తిన్న అన్నం కూడా ఆ నీళ్లదే. కాబట్టి ఈసారి ఎవరి పుట్టినరోజుకైనా బెజవాడ వెళ్లండి. బ్యారేజీ మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడవండి, లాకుల దగ్గర ఒక గంట నిలబడి నీళ్లు చూడండి. తిన్న పొట్లం మాత్రం కాలవలో పడెయ్యకుండా ఇంటికి పట్టుకురండి.