భావకవిత్వంపై ఆంగ్ల కాల్పనిక కవిత్వ ప్రభావం (గోదావరి జిల్లాలు)

భావకవిత్వం 20వ శతాబ్దపు తొలి దశకాలలో తెలుగులో వెలసిన కవితా ఉద్యమం. రాయప్రోలు సుబ్బారావు దీనికి ఆద్యుడు. అధికారం, ప్రకృతి, అనుభూతి అనే మూడు విషయాలలో ఈ ఉద్యమంపై వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ మొదలగు ఆంగ్ల కాల్పనిక కవుల ప్రభావం ఉంది. గోదావరి జిల్లాల కవులలో, ముఖ్యంగా దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897-1980) రచనలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యం

రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ఈ ప్రాంతంలో ఆంగ్ల సాహిత్య పఠనానికి ముఖ్య కేంద్రాలు. రాజమండ్రి కళాశాలకు 1909 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా కవి, చిత్రకారుడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. కాకినాడ కళాశాలలో బ్రహ్మసమాజ నాయకుడు రఘుపతి వేంకటరత్నం నాయుడు కృష్ణశాస్త్రికి గురువు.

అధికారం

షెల్లీ 1818లో ప్రచురించిన "ఓజిమాండియాస్" శిథిలమైన రాజవిగ్రహం ద్వారా రాజ్యాధికారం అశాశ్వతమని తెలుపుతుంది. ఆయన దృష్టిలో నిజమైన శక్తి ప్రకృతిలోను, కవి ఊహలోను ఉంది. కృష్ణశాస్త్రి తండ్రి, పెదతండ్రి పిఠాపురం సంస్థానంలో ఆస్థాన కవులు. ఆ ఇంట పుట్టిన కృష్ణశాస్త్రి రాజును గాక తన స్వేచ్ఛను, తన వేదనను కావ్యవస్తువుగా స్వీకరించాడు. ఆయనకు "ఆంధ్రా షెల్లీ" అన్న పేరు వచ్చింది.

ప్రకృతి

ప్రబంధాలలో ఋతువర్ణన, చంద్రోదయ వర్ణన కావ్యాంగాలు. భావకవిత్వంలో ప్రకృతి కవికి ఆత్మీయమైన తోడు అయింది. "కృష్ణపక్షం" (1925)లో కవి ప్రకృతిని చూసి వర్ణించడమే కాక, అందులో లీనం కావాలని కోరుకుంటాడు.

అనుభూతి

మనస్సు బాహ్యప్రపంచాన్ని ఉన్నదున్నట్లు గ్రహించి ఊరుకోదని, దానికి రూపమిస్తుందని వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌ల అభిప్రాయం. అందుచేత ఒకే వెన్నెల ఒకరికి ఆనందాన్ని, మరొకరికి విషాదాన్ని కలిగించవచ్చును. భావకవులు ఈ ఆత్మాశ్రయ ధోరణిని అనుసరించారు. సామాన్యుల భాష కవిత్వానికి తగినదని వర్డ్స్‌వర్త్ 1800లో వ్రాసిన పీఠికలో వాదించాడు. ఏలూరులో న్యాయవాదిగా ఉన్న నండూరి సుబ్బారావు "ఎంకి పాటలు" (1925) పల్లెవారి వాడుకమాటలలో వెలువడి ఆ వాదాన్ని గుర్తుకు తెస్తాయి.

విమర్శ

భావకవిత్వం ఆంగ్ల కవిత్వానికి అనుకరణ అనే విమర్శ ఉంది. కాని కృష్ణశాస్త్రి గీతపద్యాల నడక తెలుగుది. నైటింగేల్‌కు బదులు ఆయన కవిత్వంలో వినిపించేది కోయిల. బ్రహ్మసమాజ భావాలు, రవీంద్రనాథ్ ఠాగూర్ ప్రభావం కూడా అందులో ఉన్నాయి. కనుక ఆంగ్ల కవుల నుండి వచ్చినది ప్రధానంగా చూపు. ఆ చూపుకు వస్తువు, నుడికారం ఇక్కడివే.

కవి తన వేదనలోనే మునిగి సమాజాన్ని విస్మరించాడన్నది మరింత బలమైన ఆక్షేపణ. తొలినాళ్ళలో కృష్ణశాస్త్రి ప్రభావంతో వ్రాసిన శ్రీశ్రీ 1930వ దశకంలో ఆ మార్గాన్ని వీడి, శ్రామికుని కావ్యనాయకునిగా చేశాడు. రాజు నుండి కవికి మారిన కావ్యవస్తువు ఆ విధంగా కవి నుండి ప్రజలకు మారింది.